గోష్ఠికి బండి ఎంచిన శనివారం

బస్సుల డిపోలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. చక్రాలకు గ్రీజు పూసేవాడిగా చేరి ఫోర్‌మన్‌గా బయటికి వచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు కలిసినప్పుడు, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదండీ అని అడుగుతుంటారు. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పోయిన బస్సు కథ వస్తుందని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి. నేను చెప్పేది మాత్రం రిటైరైన రెండో ఏట, జీతం లేకుండా చేసిన ఒక పని గురించి. రెండు పాత కార్లలో ఒకదాన్ని ఎంచడం, అంతే. అందులో ముందు పదిమంది ఎదుట తప్పాను. తర్వాత అదే పదిమంది ఎదుట దిద్దుకున్నాను. దాసుడని చెప్పుకొనేవాడు గర్వపడకూడదని మా పెద్దలు నేర్పించారు. ఈ ఒక్క విషయంలో ఆ పాఠం నాకు ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

మా నాయన తిరుచానూరులో పూలు కట్టేవాడు. నాకు తొమ్మిదో ఏడు రాగానే తిరుపతిలో మా వీధిలోని గోష్ఠిలో కూర్చోబెట్టాడు. గోష్ఠి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. స్వామి ముందు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని, ఆళ్వార్ల పాశురాలు ఒకే గొంతుగా చదివే బృందం అది. పెద్దవాడు మొదలుపెడతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. వయసును బట్టి కాదు, ఎంత కంఠతా వచ్చిందన్నదాన్ని బట్టి పెద్దరికం. నేను డిపోలో చేరాక కూడా వల్లె వేయడం మానలేదు. బస్సు కింద పడుకుని నట్లు విప్పుతూ చదువుకొనేవాణ్ణి. కింద పాట వినబడుతూ ఉందంటే జాక్ సరిగ్గానే నిలబడిందని అర్థం అని తోటివాళ్ళు నవ్వేవారు.

మా గోష్ఠికి ప్రతి శనివారం ఒక కైంకర్యం ఉంది. చిత్తూరు పోయే దారిలో, పెద్ద రోడ్డు వదిలి లోపలికి పోతే ఒక చిన్న గుట్ట, దాని మీద పాత పెరుమాళ్ళ గుడి. పైన నీళ్ళు లేవు, వంటశాల లేదు. అందుకని తిరుపతిలోనే వంట చేసి, పులిహోర ఒక గంగాళంలో, దధ్యోదనం ఒక గంగాళంలో పెట్టి, పైన అరిటాకు, దాని మీద మడిబట్ట కప్పి తీసుకుపోతాం. పైన స్వామికి ఆరగింపు చేసి, పాశురాలు చదివి, అక్కడికి వచ్చిన పల్లెవాళ్ళకు ప్రసాదం పెట్టి దిగుతాం. నలభై ఏళ్ళుగా ఒక్క శనివారం తప్పలేదు. ఈ కైంకర్యం మొదలుపెట్టినవాడు మా పెద్దస్వామి. నేను చెప్పే నాటికి ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. పుస్తకం చూడకుండా అన్ని పాశురాలూ చదవగలడు గానీ పది మెట్లు ఎక్కలేడు. మోకాళ్ళు రెండూ పోయాయి.

ఇన్నేళ్ళూ మమ్మల్ని ఒక బాడుగ జీపు మోసేది. జీపాయన ముసలివాడై దాన్ని అమ్మేసి, శ్రీ సిటీలో కంపెనీ బస్సు నడుపుతున్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ వారం రెండు ఆటోలు మాట్లాడుకుని వెళ్ళాం. గుట్ట మొదట్లోనే తారు రోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎర్రమట్టి, దాని మీద వదులు కంకర. సగంలో ఒక మలుపు, మలుపు దాటాక అసలు ఎత్తు. ఆటోలు పైకి రామన్నాయి. గంగాళాలు తలల మీద పెట్టుకుని మేం నడిచి ఎక్కాం. పెద్దస్వామి ఆటోలోనే ఉండిపోయాడు. పైన వరసలు కట్టి కూర్చున్నాక, మొదలుపెట్టాల్సిన గొంతు లేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఎవరో అందుకున్నారు గానీ అది గోష్ఠిలా లేదు. దిగి వచ్చేసరికి ఆటోలో కూర్చుని ఆయన ఒక్కడే చదువుకుంటున్నాడు. వరసగా మూడు శనివారాలు ఇదే జరిగింది. మూడో వారం ఆయన, "వచ్చే వారం నుంచి నేను రానులేప్పా. నాకోసం ఒక ఆటో దండగ" అన్నాడు.

ఆ మాటతో గోష్ఠి మొత్తం కదిలింది. తలా ఇంత వేసుకుని ఒక పాత బండి కొనాలనుకున్నాం. ఒక్క బండికే శక్తి. తప్పు బండి వచ్చిందంటే ఇంకోటి కొనే మాట ఉండదు, పెద్దస్వామి గుట్ట ఎక్కే మాటా ఉండదు. మా కార్యదర్శి కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. "నువ్వు బస్సుల మనిషివి. ఎంచడం నీదే" అని భారం నా మీద పెట్టాడు.

నాకు డిపోలో ఒక స్నేహితుడు ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఘాట్ మీద బస్సు నడిపిన డ్రైవరు. వాళ్ళది పాత ఊళ్ళో తాళాలు బాగుచేసే సాయిబుల కుటుంబం. స్టీరింగు పట్టుకుంటే చాలు, బండిలో ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. తోడు రమ్మని అడిగాను.

"మీ పెరుమాళ్ళకు బండి కొనేదానికి నేనెందుకు సామీ? మీ గోష్ఠిలో డ్రైవర్లు లేరా?" అన్నాడు.

"ఉన్నారు. అందరికీ పాశురాలు వస్తాయి, గేరు మార్చడం రాదు."

"సరే పద. నీ చేతి కింద ఇన్నేళ్ళు బండ్లు తోలినా. ఈ ఒక్కటి తోలకపోతే ఎట్లా."

చిత్తూరులో పాత కార్లు అమ్మే ఒక బ్రోకరు దగ్గర మా అవసరానికి సరిపోయేవి రెండు దొరికాయి. రెండిటిలోనూ ఎనిమిది మంది కూర్చోవచ్చు. మొదటిది తెల్లది. అయిదేళ్ళ బండి, ఏసీ ఉంది, మెట్టు కిందికే ఉంది. ఇంజను బలం ముందు చక్రాలకు పోతుంది, అంటే ముందు చక్రాలు లాగుతాయి. రెండోది బూడిద రంగుది, తొమ్మిదేళ్ళది. సీట్లు చిరిగాయి, మెట్టు ఎత్తు. దానికి బస్సులకు ఉన్నట్టు కిందుగా పొడవాటి షాఫ్ట్ పోయి వెనక చక్రాలను తిప్పుతుంది, వెనక చక్రాలు తోస్తాయి.

కార్యదర్శి తెల్లబండి తలుపు నాలుగుసార్లు వేసి తీశాడు.

"సూడండి సార్, సౌండే రాదు" అన్నాడు బ్రోకరు. "పెద్దాయన ఎక్కేదానికి మెట్టు ఎంత కిందుండాదో సూడండి. ఆదివారం ఇంకో పార్టీ వస్తుండారు. మీరు దేవుడి పని అన్నారని ఆపినా."

నేను మాత్రం బూడిదరంగు బండి కిందికి దూరి చూసి, లేచి, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పేశాను. "గుట్టకు ఇదే. వెనక చక్రాలు తొయ్యాలి. ముందు చక్రాలతో లాగే బండి ఆ ఎత్తులో నిలవదు."

"చూపించగలవా?" అన్నాడు కార్యదర్శి.

"బుధవారం గుట్ట దగ్గరికి రండి. చూపిస్తాను."

బుధవారం బ్రోకరు రెండు బండ్లూ తెప్పించాడు. కార్యదర్శి, గోష్ఠివాళ్ళు నలుగురు మలుపు దగ్గర నిలబడ్డారు. ముందు తెల్లబండి. స్టీరింగు దగ్గర నా స్నేహితుడు, పక్కన నేను. కంకర మీద కొంచెం గరగరలాడింది, మలుపు తిరిగింది, గుడి దాకా పోయి నిలబడింది. సాఫీగా ఎక్కింది. తర్వాత బూడిదరంగుది. మలుపు దాకా బాగానే వచ్చింది. మలుపు తిరగ్గానే వెనక చక్రాలు ఒక్కసారిగా ఖాళీగా తిరిగాయి. బండి తోక పక్కకు జరిగింది. లేచిన ఎర్రమట్టి మొత్తం కార్యదర్శి పంచె మీద పడింది.

"ఇది బండి కాదు సామీ" అన్నాడు నా స్నేహితుడు బ్రేకు తొక్కుతూ. "ఎనక కాళ్ళు ఎగరేస్తుండాది, గాడిద."

మూడుసార్లు ప్రయత్నించాం. మూడోసారికి ఎలాగో పడుతూ లేస్తూ ఎక్కింది. కార్యదర్శి పంచె దులుపుకుని నన్ను ఒక్క మాటే అడిగాడు.

"ముప్పై నాలుగేళ్ళా?"

ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

మరునాడు సాయంత్రం గోష్ఠికి పోవాలనిపించలేదు. అయినా పోయాను, మా నాయన నేర్పిన అలవాటు అది. పాశురాలు అయ్యాయి. ప్రసాదం గంగాళం ఇద్దరు పట్టుకుని వరసల మధ్యకు తెచ్చారు. అది దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, కూర్చున్న ప్రతివాడూ కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం నా చూపు ఆ కాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

శనివారం బండిలో గంగాళాలు ఎక్కడ ఉంటాయి? సీటు ముందు, కాళ్ళ దగ్గర పెట్టలేం. వాటిని దాటి ఎక్కలేం. ఇంకా ఆరగింపు కానివి, వాటి జాగ్రత్త మరీ ఎక్కువ. జీపులో కూడా అందరికన్నా వెనక, చివరి సీటు దాటి, గుడ్డ పరిచి పెట్టేవాళ్ళం. వాటి పక్కనే తీర్థం బిందెలు. బండిలోని బరువంతా తోక దగ్గర.

మరి నేనేం చేశాను? ఖాళీ బండిని పరీక్షించాను.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. సర్వీసులో చేరిన మూడో ఏట ఒక బస్సుకు క్లచ్ మార్చాను. డిపో ఆవరణలో ఖాళీగా తిప్పి, బాగుందని రాసిచ్చాను. మర్నాడు అది నిండా యాత్రికులతో ఎత్తు మీద ఆగిపోయింది. అప్పటి ఫోర్‌మన్ నన్ను పిలిచి, "ఖాళీ బస్సుకు ఏ రోగమూ ఉండదురా. జనం ఎక్కినాక సూడాల నాడి" అన్నాడు. అదే మాట నేను ముప్పై ఏళ్ళు కొత్తవాళ్ళకు చెప్పాను. నా వంతు వచ్చేసరికి మరిచిపోయాను.

విషయం చాలా చిన్నది. ఖాళీ బండిలో ఇంజను బరువు ముందు ఉంటుంది కాబట్టి ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి. వెనక ఏమీ లేదు, అందుకే బూడిదరంగు బండి గాడిదలా ఎగిరింది. నిండా జనం ఎక్కి, గంగాళాలు తోకలో పెట్టి, మూతి ఆకాశానికి ఎత్తితే లెక్క తిరగబడుతుంది. బరువు వెనక చక్రాల మీదకు దిగుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. నేను చెప్పిన తీర్పు సరైనదే. చూపించిన పద్ధతి తప్పు. ఇంకా నిజం చెప్పాలంటే, తీర్పు కూడా అలవాటుకొద్దీ చెప్పాను గానీ ఆలోచించి కాదు.

ప్రసాదం అయ్యాక లేచి అంతా చెప్పాను. కార్యదర్శి చెడ్డవాడు కాదు. కానీ తన కళ్ళతో చూసిందాన్నే ఆయన నమ్మాడు. "చూసిందానికీ చెబుతున్నదానికీ పొంతన లేదు. ఇంత వాదన ఎందుకు? రెండు చీటీలు రాసి స్వామి పాదాల దగ్గర వేద్దాం. ఏది వస్తే అది" అన్నాడు. చాలామంది తలలూపారు. మా వైపు పెళ్ళి ముహూర్తం దగ్గర నుంచీ ఆ అలవాటు ఉంది. నేనేం అనగలను? స్వామి తీర్పు వద్దని స్వామి ఎదుట చెప్పడమా?

పెద్దస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చీటీ ఎప్పుడు వేస్తామప్పా?" అని అడిగాడు.

"మనకు తెలియనప్పుడు" అన్నాడు కార్యదర్శి.

"శనివారం రెండు బండ్లూ నింపి ఎక్కిస్తే తెలిసిపోతాది కదా. కాళ్ళు చేతులు ఆడతా ఉండంగా ఆయనకెందుకు పని చెప్పేది?"

చీటీల మాట అంతటితో ఆగింది. ఆ రెండు రోజులూ నేను స్వామిని ఒకటే అడిగాను. బూడిదరంగు బండిని ఎక్కించమని కాదు. నాది తప్పైతే అది కొన్నాక కాదు, కొనకముందే, అందరి ఎదుటే బయటపెట్టమని. అంతకంటే అడగడం న్యాయం కాదనిపించింది.

శనివారం పొద్దున తిరుపతిలో వంట ముగించి, బాడుగ వ్యానులో గుట్ట మొదటికి చేరాం. బ్రోకరు రెండు బండ్లతో సిద్ధంగా ఉన్నాడు. ముందు తెల్లబండి. గంగాళాలు వెనక పెట్టాం, బిందెలు పెట్టాం, ఏడుగురం ఎక్కాం. పెద్దస్వామిని కింద కుర్చీలో కూర్చోబెట్టాం. నా స్నేహితుడు బిస్మిల్లా అని గేరు వేశాడు.

మలుపు దాకా వచ్చింది. తిరిగింది. ఎత్తు మొదలైంది. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, కంకర చిమ్మింది, బండి అక్కడే నిలబడిపోయింది. వెనక్కి జారించి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే. మూడోసారి టైరు కాలిన వాసన వచ్చింది.

వెనకాలే నడిచి వచ్చిన బ్రోకరు తెలివైనవాడు. "సార్, ఒక్క పని సేయండి. ఆ గంగాళాలు రెండూ తెచ్చి ముందు సీటు కాళ్ళ కాడ పెట్టండి. బరువు ముందరికి వస్తే ఎట్లా ఎక్కతాదో సూడండి" అన్నాడు.

మెకానిక్కుగా చెబుతున్నాను, అతను అన్నది సరైన మాటే. అలా పెడితే ఆ బండి ఎక్కేదేమో. కానీ మాలో ఎవరమూ గంగాళాల మీద చెయ్యి వేయలేదు. అందరికన్నా ముందు కార్యదర్శే తలుపు తీసుకుని దిగాడు. నాలుగుసార్లు మురిపెంగా వేసిన తలుపది.

"ఆయన ఆరగించాల్సింది మా కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకుపోవాలా? బండి కోసం ఆచారం మార్చుకునే పనైతే మాకు బండే వద్దు నాయనా."

బ్రోకరు నా వైపు చూశాడు. "ఏంది సార్, ఈ బండిని పులిహోరే ఓడించినట్టుండాదే" అన్నాడు. కార్యదర్శి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

తెల్లబండిని కిందికి దించి, గంగాళాలూ బిందెలూ బూడిదరంగు బండి తోకలోకి మార్చాం. ఎక్కబోతుంటే పెద్దస్వామి కుర్చీలోంచి చెయ్యి చాపాడు. "నన్ను లేపండి. నేనూ ఎక్కతా."

"ముందు ఒకసారి చూద్దాం స్వామీ. మీరు రెండోసారి" అన్నాను. బుధవారం జారిన తోక నా కళ్ళ ముందే ఉంది.

"నీకు నమ్మకముందా, లేదా?"

"బండి మీద ఉంది."

"నాకు నీ మీద ఉండాది. మెట్టు ఎత్తుగా ఉండాది గానీ, ఎత్తండప్పా."

ఇద్దరం కలిసి ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనకాల నిలువు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. బండి కదిలింది. మలుపు తిరిగింది. తెల్లబండి చక్రాలు తవ్విన గుంటలు ఎదురుగా కనిపించాయి. మా బండి వాటి మీదుగా పోతూ ఉంది. ఒక్క గరగర లేదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటకు నేనే భయపడ్డాను.

"ఆపు. ఇక్కడే ఆపు."

నా స్నేహితుడు అద్దంలోంచి నన్ను చూశాడు. "మతి పోయిందా సామీ? పోతుండాది కదా. ఎత్తు మీద ఆపితే మళ్ళీ ఎత్తాల."

"రేపు మేకలు అడ్డం వస్తాయి, ఎల్లుండి ఎదురుగా బండి వస్తుంది. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలకపోతే ఈ బండి మనకు పనికిరాదు. ఆపు."

"యా అల్లా" అన్నాడు, బ్రేకు తొక్కాడు. బండి సరిగ్గా ఆ గుంటల మీదే ఆగింది. పెద్దస్వామి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. నా స్నేహితుడు హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్ నెమ్మదిగా వదిలాడు. వెనక చక్రాలు నేలను నొక్కడం నా వెన్నుకు తెలిసింది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. ముందుకు కదిలింది. గుడి ముందు రాతి పరుపు మీదికి పోయి ఆగింది.

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో బండ్లకు సంతకం పెట్టాను. ఏ సంతకానికీ అంత తృప్తి లేదు.

పెద్దస్వామిని దించి, ఆయన చోట కూర్చోబెట్టాం. గంగాళాలు స్వామి ముందు పెట్టారు. నెల రోజుల తర్వాత ఆయన గొంతు ఆ గుడిలో లేచింది. మొదటి పదానికి గొంతు కొంచెం వణికింది, రెండో పదానికి సర్దుకుంది. రెండు వరసలూ ఒక్కసారిగా అందుకున్నాయి. నేను కూడా అందుకున్నాను.

ఆరగింపు, తీర్థం అయ్యాక కార్యదర్శి నిండు మనసుతో అన్నాడు, "పెరుమాళ్ళే తన బండిని తాను ఎంచుకున్నాడు."

అందరం అవునన్నాం. నేనూ అన్నాను. పెద్దస్వామి తీర్థం తీసుకున్న చెయ్యి తలకు రాసుకుని, "ఆయన ఎంచుకున్నది బండిని కాదప్పా, మెకానిక్కును" అన్నాడు.

గుడి వాకిట నిలబడిన నా స్నేహితుడు ఊరుకుంటాడా? "మరి డ్రైవర్ని ఎవరు ఎంచుకున్నారు పెద్దసామీ?"

అందరూ నవ్వారు. పెద్దస్వామి నవ్వలేదు. మా గోష్ఠిలో ప్రసాదం మొదటి దోసిలి అందరికన్నా పెద్దవాడిది. ఆయన తన చేతిలో పడిన పులిహోరను ఆకులో పెట్టించి వాకిట్లోకి పంపించాడు. నలభై ఏళ్ళలో ఆ వరస తప్పడం నేను చూసింది అదొక్కసారే. నా స్నేహితుడు టోపీ సర్దుకుని రెండు చేతులా అందుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుని, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, బండి దగ్గరికి పోయి వెనక తలుపు తీసి చూశాడు. పల్లెవాళ్ళకు పెట్టేశాక తిరిగి ఎక్కించిన రెండు గంగాళాలూ ఖాళీ. బిందెలూ ఖాళీ.

"సామీ, ఇట్లా రా" అని పిలిచాడు నన్ను. "ఎనక బరువు లేదు. దిగేటప్పుడు మళ్ళీ గాడిదైపోతాది. నువ్వు పొయ్యి ఆ గంగాళాల కాడ కూర్చో."

ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషిని. కాళ్ళు ముడుచుకుని, గంగాళాల పక్కన, బరువుగా కూర్చున్నాను. బండి ఎక్కడా జారకుండా దిగింది.